మొకం ఏటయిపోనాది బాబూ?

విశాఖలో కెమెరా పట్టిన ప్రతివాడి దగ్గరా ఒక ఫోటో ఉంటుంది. తెల్లవారుజామున సముద్రం, వెనక నారింజరంగు ఆకాశం, ముందు వల విసురుతున్న జాలరి. ఆ జాలరికి మొహం ఉండదు, నల్లటి ఆకారం ఉంటుంది అంతే. పోటీలకు పంపేదీ, కేలెండర్ మీద వేసేదీ, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకునేదీ అదే. ఇప్పుడు అదే ఊళ్లో ఏ స్టూడియోకైనా వెళ్లి కౌంటర్ మీదున్న పెళ్లి ఆల్బమ్ తిరగెయ్యండి. అక్కడ అందరికీ మొహాలుంటాయి. కాకపోతే అవి వాళ్ల రంగులో ఉండవు. పెళ్లికూతురు, పెళ్లికొడుకు, కన్యాదానం చేస్తున్న తండ్రి, వెనక నిలబడ్డ మేనమామ అందరూ ఒకే పాలిపోయిన తెలుపులో మెరిసిపోతుంటారు.

ఈ రెండిటికీ సంబంధం లేదనే చాలామంది అనుకుంటారు. ఒకటి కళ, రెండోది వ్యాపారం అంటారు. ఫోటోగ్రఫీ నేర్చుకుంటూ, సెలవురోజుల్లో పెళ్లిళ్లకు సెకండ్ కెమెరాగా వెళుతూ నాకు అర్థమైంది వేరు. రెండూ ఒకే చేతగానితనం నుంచి పుట్టాయి. నల్లటి మనిషి మొహాన్ని ఉన్నది ఉన్నట్టు తియ్యడం మనకు సరిగా నేర్పలేదు, మనమూ పట్టుబట్టి నేర్చుకోలేదు. రాని పనికి ఒకచోట కళ అని పేరు పెట్టాం, ఇంకోచోట కస్టమర్ కోరిక అన్నాం.

నేను చేరిన కోర్సులో ఫోటోకి వెలుగు ఎంత కావాలో సర్దుకునే అపర్చర్, షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ గురించి వారాల తరబడి చెప్పారు. నిజానికి అది ఒక పూట పాఠం. ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు కావడమో సగం కావడమో అని తెలిస్తే మిగతాది వేళ్లకు అలవాటు కావడమే. ఎక్కువసేపు చెప్పాల్సింది కెమెరాలో వెలుగును కొలిచే మీటర్ గురించి. దాన్ని అరగంటలో చుట్టేశారు.

కెమెరాకి మనిషి తెలీదు, చీర తెలీదు, చేప తెలీదు. ఎదురుగా ఉన్నవాటి మీద పడి తిరిగొచ్చిన వెలుగును మాత్రమే కొలుస్తుంది. ఆ వచ్చిన వెలుగంతా కలిపితే మధ్యస్థంగా ఒక బూడిదరంగు అవుతుందని ముందే అనుకుని కూర్చుంటుంది. తన మీద పడిన వెలుగులో సుమారు 18 శాతం వెనక్కి పంపే రంగు అది. అందుకే మల్లెపూల బుట్టను ఫ్రేమ్ నిండా తీస్తే పూలు మాసినట్టు వస్తాయి. బొగ్గుల బస్తాను తీస్తే బొగ్గు వెలిసిపోయి వస్తుంది.

ఈ లెక్కను ఒక నల్లటి మనిషి మీద పెట్టి చూడండి. దగ్గరకెళ్లి మొహం నిండా తీస్తే, కెమెరా చీకటి ఎక్కువైందనుకుని వెలుగు పెంచేస్తుంది. మొహం వెలిసిపోతుంది. అదే మనిషిని దూరం నుంచి, ఆకాశం ఎదురుగా పెట్టి తీస్తే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. మొహం మసిబారిపోతుంది. ఒకే మనిషి, ఒకే ఉదయం. తెల్లబరచడం, నల్లబరచడం రెండూ మన చెయ్యి పడకముందే కెమెరా మొదలుపెడుతుంది. దాని మాట వినకుండా ఉండటానికే మనం అక్కడ నిలబడి ఉన్నాం. ఇప్పటి కెమెరాలూ ఫోన్లూ మొహాన్ని వెతికి పట్టుకుని దానికి తగ్గట్టు వెలుగు సర్దుతాయి, నిజమే. కానీ ఆ మొహం ఎంత నల్లగా ఉండాలో మాత్రం వాటికి తెలీదు.

పెద జాలరిపేట ఒడ్డున పొద్దున్నే ఫైబర్ పడవలు వచ్చేవేళ నిలబడితే ఇది పుస్తకం అక్కర్లేకుండా తెలుస్తుంది. పడవలోంచి దించిన కానగంతలు సత్తుగిన్నెల్లో పడుతుంటాయి. ఒక్కొక్క చేప ఒంటిమీద సూర్యుడు విడివిడిగా మెరుస్తుంటాడు. వాటిని బేరమాడుతున్న ఆడవాళ్లు వెలుగుకు వీపు పెట్టి ఉంటారు. ఆకాశానికీ వాళ్ల మొహాలకీ నాలుగైదు స్టాపుల తేడా, అంటే 16 నుంచి 32 రెట్లు. అక్కడ తీసిన ఒక ఫోటోను, మా క్లాసులో అందరూ మెచ్చుకున్న ఫోటోను, అందులో ఉన్నామెకు కెమెరా వెనక తెరమీద చూపించాను. ఆమె కళ్లు చికిలించి చూసి, "సముద్రం అవుపడతంది, గిన్నె అవుపడతంది. నా మొకం ఏటయిపోనాది బాబూ?" అంది.

దానికి సిలౌట్ అని, అంటే వెలుగు ముందు నల్లటి ఆకారంగా తీసిన బొమ్మ అని చెప్పొచ్చు. పోటీ జడ్జికైతే ఆ జవాబు సరిపోతుంది కూడా. కానీ ఆమె అడిగింది కళ గురించి కాదు. ఫోటోలో తను ఉందా లేదా అని.

నేను సిలౌట్‌కి పూర్తిగా వ్యతిరేకిని కాను. ఎగిరే గాలిపటం, గెంతుతున్న పిల్లాడు, పడవ కొయ్య ఇలాంటి చోట ఆకారమే కథ అయితే అది బాగుంటుంది. నాకు పేచీ ఎక్కడంటే, మన ఊరి ఫోటోల్లో ఎవరు సిలౌట్ అవుతున్నారో చూసినప్పుడు. బీచ్‌రోడ్ మీద వాకింగ్‌కి వచ్చిన డాక్టరుగారిని ఎవరూ నల్లటి బొమ్మగా తియ్యరు. ఎండకు మాడి పనిచేసేవాళ్లకే ఆ గౌరవం దక్కుతుంది.

అసలు ఈ సిలౌట్లన్నీ ఎందుకు పుడుతున్నాయంటే, మనం రోడ్డు వైపు నిలబడి సముద్రం వైపు తీస్తున్నాం కాబట్టి. విశాఖ తూర్పు తీరం. పొద్దున సూర్యుడు సముద్రంలోంచే వస్తాడు. రోడ్డు వైపు నుంచి చూస్తే ఒడ్డున ఉన్న ప్రతి మనిషి వెనకా వెలుగే. ప్యాంటు మోకాళ్లదాకా మడుచుకుని, నీళ్లంచుకు వెళ్లి, సముద్రానికి వీపు పెట్టి నిలబడితే చాలు, మొత్తం మారిపోతుంది. అదే సూర్యుడు ఇప్పుడు మొహాల మీద పడుతుంటాడు. వెనక ఆకాశం బదులు పడవలు, ఇళ్లు, కొండ వస్తాయి. ఫోటోకి ఊరు దొరుకుతుంది, మనిషికి మొహం దొరుకుతుంది. నేను నేర్చుకున్నవాటిలో పైసా ఖర్చు లేనిది ఇదే. కెమెరాకి ఉప్పునీరు తగలకుండా చూసుకోండి, అలలు చెప్పి రావు. ఇంటికెళ్లాక తడిబట్టతో తుడిచి, లెన్సుల్ని సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టండి. ఈ ఊరి ఉక్కకి లెన్స్ లోపల ఫంగస్ పట్టడానికి ఒక్క వానాకాలం చాలు.

సాయంత్రం సంగతి ఇంకా బాగుంటుంది, దాన్నెవరూ పట్టించుకోరు. సూర్యాస్తమయం సముద్రంలో కనబడదు కాబట్టి మన బీచ్‌లో సాయంత్రం ఫోటోలకు పనికిరాదని ఒక అపోహ. సూర్యుడు పడమటి కొండల వెనక్కి, బీచ్‌రోడ్ మేడల వెనక్కి జారిపోయాక ఇసుకంతా నీడలోకి వస్తుంది. తూర్పున సముద్రం మీది ఆకాశం మాత్రం ఇంకా వెలుగుతూనే ఉంటుంది. అంత పెద్ద మెత్తటి లైటు ఏ స్టూడియోలో దొరుకుతుంది? మనిషిని సముద్రం వైపు తిప్పి నిలబెట్టండి. కళ్లల్లో ఆకాశం కనబడుతుంది, చెంపల మీద వెలుగు నునుపుగా జారుతుంది. మధ్యాహ్నం మాత్రం ఇంట్లో పడుకోవడం మంచిది. మే రెండో వారంలోనూ, ఆగస్టు మొదట్లోనూ మిట్టమధ్యాహ్నం విశాఖలో సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. కళ్ల గుంటలు తప్ప ఏమీ రావు.

వెలుగు ఎక్కడుందో తెలిశాక, ఎంత తీసుకోవాలన్నది మిగిలిన ప్రశ్న. నేను పాటించే పద్ధతి చాలా పాతది. మనిషి మొహం మీద పడుతున్న వెలుగులోనే నా అరచెయ్యి పెట్టి, ఫ్రేమ్‌లో ఒక చిన్న చోటునే కొలిచే స్పాట్ మీటర్‌తో దాన్ని కొలిచి, మీటర్ చెప్పినదానికి ఒక స్టాప్ పెంచి, ఇక ఆ సెట్టింగ్ మార్చను. మొహాల్లో ఉన్నంత రంగు తేడా అరచేతుల్లో ఉండదు. నల్లటివాళ్ల అరచేతులు కూడా తేటగానే ఉంటాయి. కాబట్టి ఎదుటి మనిషి రంగుతో సంబంధం లేకుండా పడుతున్న వెలుగు ఎంతో తెలుస్తుంది. ఇన్సిడెంట్ మీటర్ అనే చిన్న పరికరం చేసే పని కూడా ఇదే. వెలుగు సరిగ్గా కొలిస్తే నలుపు నలుపుగా, చామనఛాయ చామనఛాయగా వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి. మనం పెంచక్కర్లేదు, తగ్గించక్కర్లేదు.

మా కోర్సులో దీనికి భిన్నంగా చెప్పారు. ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అనే ఇద్దరు అమెరికన్లు 1940 ప్రాంతంలో జోన్ సిస్టమ్ అని ఒకటి తయారుచేశారు. చిక్కటి నలుపు నుంచి తెల్లకాగితం దాకా మెట్లు పెట్టి, ఐదో జోన్‌ని మధ్యస్థపు బూడిదరంగు అన్నారు. ఎండలో తెల్లవాళ్ల చర్మం ఆరో జోన్‌లో పడుతుంది. వాళ్ల ఊరికి అది సరైన లెక్కే. మా క్లాసులో దాన్ని ఎత్తుకొచ్చి, ఎవరి మొహమని అడక్కుండా, "ఫేస్‌ని ఆరులో పెట్టండి" అని బోర్డు మీద రాశారు. అది రాసుకుంటున్నవాళ్లలో సగంమందిమి ఐదుకి ఇటు, నలుపు వైపు వాళ్లమే. ఆరులో పెడితే మాకు ఒకటో రెండో స్టాపులు పౌడరు అద్దినట్టే.

నల్లటి చర్మాన్ని తియ్యడంలో ఇంకో సంగతి ఉంది, దీన్ని నేను పుస్తకంలో చదివి నమ్మలేదు, చూసి నమ్మాను. తెల్లటి మొహంలో ముక్కు, దవడ ఆకారం నీడల వల్ల తెలుస్తుంది. నల్లటి మొహంలో మెరుపుల వల్ల తెలుస్తుంది. కాబట్టి లైటు ఎక్కడి నుంచి వస్తోందన్నదానికంటే, చర్మం మీద అది ఏ ఆకారంలో ప్రతిఫలిస్తోందన్నది ముఖ్యం. చిన్న ఫ్లాష్‌ని ఎదురుగా కొడితే నుదుటి మీద ఒకటి, ముక్కుమీద ఒకటి తెల్లటి చుక్కలు పడతాయి, మిగతా మొహం చదునైపోతుంది. పక్కనుంచి పెద్ద తెల్లటి గోడో, కిటికీయో, తెల్ల దుప్పటో ఉంటే చెంప ఎముక మీద పొడుగాటి మెత్తని మెరుపు వస్తుంది. మొహం చెక్కినట్టు లేస్తుంది. ఎక్స్‌పోజర్ పెంచనే లేదు, మొహం వెలిగింది.

ఫిషింగ్ హార్బర్‌లో దీనికి సరంజామా అంతా ఉచితం. కోనాం, చందువ ఐసులో పెట్టి పంపే థర్మాకోల్ పెట్టెలుంటాయి కదా, వాటి మూతలు. ఒక మూతను మనిషికి పక్కగా, మూడడుగుల దూరంలో ఎవరినైనా పట్టుకోమంటే చాలు. దగ్గరికి జరిపేకొద్దీ వెలుగు పెరుగుతుంది, మెత్తనవుతుంది. వేలంపాట హడావుడిలో ఎవరూ మీకు మూత పట్టుకుని నిలబడరు, ఆ టైంలో అడ్డంగా తిరిగితే తిడతారు కూడా. దానికి వేటనిషేధం రోజులు మంచివి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలు కదలవు. కళాసీలు డెక్కు మీద కూర్చుని వలలు బాగుచేసుకుంటుంటారు. చేతికి పని, నోటికి తీరిక. కబుర్లు చెబుతూ తీయించుకుంటారు. నేవీ ఓడలు, పోర్టు వైపు మాత్రం కెమెరా తిప్పకండి. అవి నిషిద్ధ ప్రాంతాలు, బతిమాలుకున్నా లాభం ఉండదు.

మనుషుల మీద ప్రాక్టీస్ చెయ్యడానికి మొహమాటమైతే బీచ్‌రోడ్‌లో కుర్సురా ఉంది. 1969లో నౌకాదళంలో చేరి 2001లో రిటైరైన జలాంతర్గామి, మరుసటేడు నుంచి ఇసుక మీద మ్యూజియం. దాని నల్లటి పొట్టను ఫ్రేమ్ నిండా పెట్టి ఆటో మోడ్‌లో ఒకటి తియ్యండి, అరచేతి కొలతతో ఒకటి తియ్యండి. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుంటే నేను ఇన్ని పేరాల్లో చెప్పింది ఒక్క చూపులో తెలుస్తుంది.

ఇక పెళ్లిళ్లు. ఇక్కడ నా కోపం కొంచెం ఎక్కువే, క్షమించాలి. నేను పనిచేసిన ఒక స్టూడియోలో ఎడిటింగ్ అబ్బాయి కంప్యూటర్లో ఒక బటన్ ఉండేది. నొక్కితే మొహాలు పట్టుకుని తెల్లగా, నున్నగా చేసేస్తుంది. వందల ఫోటోలకు ఒకేసారి. ఎవరూ అడగక్కర్లేదు, అది ప్యాకేజీలోనే ఉంటుంది. కరిజ్మా ఆల్బమ్‌లో, అంటే పుస్తకంలా అచ్చువేసే పెళ్లి ఆల్బమ్‌లో, జీలకర్ర బెల్లం ఫోటో చూడండి. తలమీద పెట్టిన చెయ్యి ఒక రంగు, ఆ చేతి తాలూకు మనిషి మొహం ఇంకో రంగు. మెడ దగ్గర సరిహద్దు గీత. పొద్దున మంగళస్నానంలో రాసిన పసుపు పోయింది, పట్టుచీర జరీ పాలిపోయింది, పంతులుగారి పంచె మడతలు మాయమయ్యాయి. నాలుగువేళ్ల మొహం కోసం మిగతా ఫోటో అంతా పాడుచేసుకున్నాం.

దీనికి ఎడిటింగ్ అబ్బాయిని తిట్టి లాభం లేదు. అతని దగ్గరికి వచ్చేసరికే ఫోటో చెడిపోయి ఉంటుంది. ఫంక్షన్ హాల్లో వీడియో అతను ఎల్ఈడీ లైటును మొహానికి సూటిగా పెడతాడు. అర్ధరాత్రి ముహూర్తం, హోమం పొగ, విశాఖ ఉక్కపోత. అందరికీ చెమటలు కారుతుంటాయి, ఆ చెమట మీద లైటు పడి నుదుళ్లు తళతళలాడతాయి. ఆ చుక్కలు పోగొట్టడానికి మొహాన్ని నున్నగా చేస్తారు. నున్నగా చేస్తే చదునవుతుంది. చదునైన మొహానికి కళ లేదని తెల్లగా చేస్తారు. మొదట్లో ఒక రుమాలుతో నుదురు ఒత్తి, లైటును నలభై ఐదు డిగ్రీలు పక్కకి జరిపి, ముందొక వెలుగును మెత్తబరిచే తెల్ల గొడుగు పెట్టి ఉంటే ఈ గొలుసంతా ఉండేది కాదు. గొడుగు పట్టుకోవడానికి మనిషిని పెట్టాలి, వాడికి కూలి ఇవ్వాలి. బటన్‌కి కూలి అక్కర్లేదు. అసలు సంగతి అదీ.

ఫిల్మ్ తయారుచేసినవాళ్లే మనల్ని పట్టించుకోలేదన్న వాదన ఒకటి ఈమధ్య బాగా వినబడుతోంది. అందులో చాలా నిజం ఉంది. ఫిల్మ్‌కి ముందు వాడిన తొలినాటి ఫోటో ప్లేట్లు నీలం వెలుగుకే స్పందించేవి, గోధుమరంగు చర్మం కంటికి కనబడేదానికన్నా నల్లగా పడేది. రంగుల ఫోటోల కాలంలో ఫిల్మ్ కంపెనీ కోడక్ ల్యాబులకు పంపిన రిఫరెన్స్ కార్డు మీద తెల్లజాతి అమ్మాయి ఉండేది. షిర్లీ కార్డ్ అనేవారు దాన్ని. ఆమె చర్మం సరిగ్గా వస్తే ప్రింటు సరిగ్గా వచ్చినట్టు లెక్క. ముదురు రంగులు సరిగా రావడం లేదని కంపెనీని ఒత్తిడి చేసినవాళ్లలో నల్లజాతివాళ్ల కన్నా చాక్లెట్, చెక్క ఫర్నిచర్ ప్రకటనలు తీసేవాళ్ల మాటే ఎక్కువ చెల్లిందంటారు. 2021లో గూగుల్ తన పిక్సెల్ ఫోన్‌లో రియల్ టోన్ అని పెట్టి, నల్లటి చర్మాన్ని సరిగ్గా చూపిస్తామని ప్రత్యేకంగా చెప్పుకోవాల్సి వచ్చింది.

అయినా నేను ఆ వాదన వెనక దాక్కోదలచుకోలేదు. ఇవాళ నా కెమెరా రా ఫైల్‌లో, అంటే దిద్దకముందు కెమెరా పట్టిన వెలుగునంతా దాచే ఫైల్‌లో, 14 బిట్లు ఉన్నాయి, అంటే ఒక్కో రంగుకి 16,384 మెట్లు. మామూలుగా పంపుకునే జేపెగ్ ఫోటోలో ఉన్నవి 256. నలుపులో ఎన్ని ఛాయలున్నా పట్టేంత చోటుంది. పైగా బ్లాక్ అండ్ వైట్ రోజుల్లోనే మన స్టూడియోల్లో నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో దిద్ది మొహాలు తేటగా చేసేవారు. అది కోడక్ చెప్పిన పని కాదు. నల్లరాతి విగ్రహానికి పొర్లుదండాలు పెట్టి, ఇంటికొచ్చి కోడలు కాస్త రంగు తక్కువని పెదవి విరిచేవాళ్లం మనమే.

ఇక్కడే నా వాదనకు గట్టి ఎదురుదెబ్బ తగిలింది. ఒక తల్లి తన కూతురి పెళ్లి సంబంధాల బయోడేటాకు ఫోటో తీయమంది. నేను పైన చెప్పిన కబుర్లన్నీ ఆవిడకీ చెప్పాను. ఓపిగ్గా విని, "నువ్వు చెప్పేది బాగానే ఉంది నాయనా. కానీ ఫోటో చూసి వద్దనేవాళ్లు నీకు ఫోన్ చెయ్యరు, నాకు చేస్తారు" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. ఆ ఫోన్లు ఎత్తేది ఆవిడే. మాట్లాడింది మాత్రం కూతురు. "ఫోటో చూసి ఒప్పుకుని వస్తారమ్మా. వచ్చి కూర్చుని, ఫోటోలో ఇంకోలా ఉందే అంటారు. కాఫీ ఇస్తూ అది వినేది నేను కదా" అంది. ఆవిడ ఏమీ అనలేదు. ఆ సాయంత్రమే బీచ్‌కి వెళ్లి, సముద్రం వైపు మొహం పెట్టించి తీశాను. బాగా వచ్చింది. పెద్దది చేయించి హాల్లో గోడకు పెట్టుకున్నారు. బయోడేటాకు మాత్రం ఆవిడ వేరే స్టూడియోలో తీయించిందే పంపింది.

జాలరిపేట ఆమెకు ప్రింటు ఇవ్వడం అంతకంటే తేలికైన పనే అయినా, అందులోనూ ఒక తిరకాసు వచ్చింది. ఈసారి నీళ్లంచున నిలబడి తీశాను, మొహం, ముక్కుపుడక, నుదుటి ముడతలు అన్నీ వచ్చాయి. ప్రింటుకి ఇస్తే ల్యాబ్ మెషీన్ దాన్ని చీకటి ఫోటో అనుకుని దానంతటదే తేట చేసి పంపింది. మళ్లీ ఇచ్చి, "కరెక్షన్ లేకుండా వెయ్యండి" అని కవరు మీద రాయాల్సి వచ్చింది. కౌంటర్లో కుర్రాడు రెండు ప్రింట్లూ చూసి, మొదటిదే బాగుంది కదండీ అన్నాడు. ఆమెకు రెండూ చూపించాను. రెండోది తీసుకుని, మొదటిది మా కోడలికి చూపిస్తానని అది కూడా కొంగున కట్టుకుంది. ఏది నచ్చిందో నాకు చెప్పలేదు.

ఇప్పుడు పెళ్లి ఒప్పుకునేముందే మాట్లాడుకుంటున్నాను. మొహాలు తెల్లగా చెయ్యను, అందుకు రేటు తగ్గించను, లైటు పట్టుకోవడానికి ఒక మనిషి అదనంగా వస్తాడు, అతని భోజనం మీదే అని. కొందరు అక్కడికక్కడే వేరేవాళ్లను చూసుకుంటామంటారు. ఒప్పుకున్నవాళ్లకు ఫైళ్లన్నీ ఇచ్చేస్తాను. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. తర్వాత వాళ్లు ఏ బటన్ నొక్కించుకున్నా నేను అడ్డుపడలేను. అలా మార్చిన ఆల్బమ్ మీద నా పేరు మాత్రం వెయ్యొద్దని ఒప్పందం కాగితంలో ఒక వాక్యం చేర్చాను.